ఊరి బండెక్కిన యాత్రికుడు: నంది హాల్టు నుంచి కొడికొండ దాకా

నందికొండకు దగ్గర్లో ఉన్న నంది హాల్టు స్టేషనుకు వయసు నూరేళ్ళు దాటింది. బెంగళూరు నుంచి వచ్చిన రైలు దిగి, కొండెక్కడానికి ఆటో వెతుక్కునే కుర్రకారును చూస్తే ఇది పర్యాటకుల కోసమే కట్టిన స్టేషను అనిపిస్తుంది. దాని పుట్టుక కథ వేరు. కొండ మీద చల్లగాలికి వచ్చేవాళ్ళు ఆ రోజుల్లో కొద్దిమంది దొరలు, అధికారులు. రైలు వేసింది మాత్రం అప్పటి కోలారు జిల్లా రైతు కోసం, వర్తకుడి కోసం.

చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి. కర్ణాటక తూర్పు అంచున, ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఈ మూడు ఊళ్ళ చుట్టూ చూడదగినవి చాలానే ఉన్నాయి. నందికొండ, భోగనందీశ్వరుడి గుడి, విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్ళి, తాతయ్యగారి కైవారం, మురుగమల్ల దర్గా, గుమ్మనాయకనపాళ్యం కోట, సరిహద్దు దాటగానే లేపాక్షి. అయితే వీటికి తీసుకుపోయే దారుల్లో యాత్రికుడి కోసమని వేసింది దాదాపు ఒక్కటీ లేదు. పట్టుగూళ్ళు, వేరుసెనగ, చింతపండు, సంత, కోర్టు వాయిదా, చుట్టాలింట పెళ్ళి: వీటి కోసం నడిచిన బండ్లలో యాత్రికుడు పక్కసీటులో కూర్చున్నాడు. ఈ సీమ ప్రయాణ చరిత్రలో చెప్పుకోదగ్గదంతా ఆ పక్కసీటు చుట్టూనే తిరుగుతుంది.

బెంగళూరు నుంచి జోలార్‌పేటకు పెద్ద రైలు 1864లోనే వచ్చింది. ఆ దారిలో ఒక జంక్షనుకు మైసూరు కమిషనరు లెవిన్ బౌరింగ్ పేరు పెట్టి బౌరింగ్‌పేట అన్నారు. నేటి బంగారపేట అదే. దగ్గర్లోనే బంగారు గనులు ఉండటంతో ఆ మూలకు కదలిక ఎక్కువైంది. జిల్లా ఉత్తర భాగానికి మాత్రం ఎడ్లబండే దిక్కు. చింతామణి నుంచి బెంగళూరుకు సరుకు చేరాలంటే దారిలో రాత్రులు గడపాల్సిందే.

1913 డిసెంబరు 15న బౌరింగ్‌పేట నుంచి కోలారుకు చిన్న రైలు మొదలైంది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు మాత్రమే. పెద్ద లైనుది అయిదున్నర అడుగులు. తక్కువ ఖర్చుతో, వంపులు తిరుగుతూ, గుట్టలను చుట్టుకుంటూ పోవడానికి ఈ ఇరుకు పట్టాలు అనువు. కోలార్ డిస్ట్రిక్ట్ రైల్వే పేరుతో ఆ దారి శ్రీనివాసపురం, చింతామణి, శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్ళాపురం దాకా సాగింది. అటు నుంచి బెంగళూరు–చిక్కబళ్ళాపురం లైట్ రైల్వే యలహంక, దేవనహళ్ళి మీదుగా వచ్చి కలిసింది. 1918 నాటికి బెంగళూరులో చిన్న రైలెక్కిన మనిషి చిక్కబళ్ళాపురం, చింతామణి, కోలారు చుట్టి బౌరింగ్‌పేటలో దిగి, అక్కడ పెద్ద రైలు పట్టుకోగలిగాడు.

ఈ పనులన్నీ జరిగిన కాలంలో, 1912 నుంచి 1918 దాకా, మైసూరు దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పుట్టిన ముద్దేనహళ్ళి చిక్కబళ్ళాపురానికి కూతవేటు దూరం. చిన్నప్పటి బడి చదువు చిక్కబళ్ళాపురంలోనే. ఇంటిపేరు మోసుకొచ్చిన మోక్షగుండం ఆంధ్రలో గిద్దలూరు దగ్గరి ఊరు. పూర్వీకులు అక్కడి నుంచి మైసూరు సీమకు తరలివచ్చిన తెలుగువారు. సంస్థానంలో రైలు దారులు పెరగాలని పట్టుబట్టిన దివాను ఆయన. తన చిన్ననాటి ఊరి మీదుగా రైలు పోవడం చూసే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది!

ఇరుకు పట్టాల రైలుకు వేగం తక్కువ. ఆ నెమ్మదే కొందరికి వరమైంది. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ వ్యాపారి తన మూటలతో ఎక్కేవాడు. నంది గ్రామంలో శివరాత్రి జాతరకు వచ్చేవారికి ఆ రైలు ఆసరా అయింది. భోగనందీశ్వరుడి ఆలయం వెయ్యేళ్ళకు పైబడినది. దాని తొలి శాసన ప్రస్తావన తొమ్మిదో శతాబ్దపు మొదట్లోది. అక్కడి పశువుల సంత కూడా పేరున్నదే. దేవుడి దర్శనం, ఎద్దుల బేరం ఒకే ప్రయాణంలో తెమిలేవి. తీర్థయాత్రకు, పనికి మధ్య గీత గీయడం అప్పటివాళ్ళకు అలవాటు లేదు.

కొండ పైభాగం కథ వేరుగా నడిచింది. 1791 అక్టోబరు 19న కార్న్‌వాలిస్ సేనలు టిప్పు చేతిలోని నందిదుర్గాన్ని పట్టుకున్నాక, అక్కడి చల్లదనం ఇంగ్లీషువాళ్ళకు నచ్చింది. మైసూరు కమిషనరుగా 1834 నుంచి 1861 దాకా ఉన్న మార్క్ కబ్బన్ కొండ మీద వేసవి బంగళా కట్టుకున్నాడు. సముద్రమట్టానికి 1,478 మీటర్ల ఎత్తు. గుర్రం, పల్లకీ, లేదా నంది గ్రామం వైపు నుంచి వెయ్యికి పైగా మెట్లు. సామాన్యుడికి మెట్లే మిగిలాయి. 1927 వేసవిలో మహారాష్ట్ర పర్యటనలో జబ్బుపడిన గాంధీజీ విశ్రాంతి కోసం ఈ కొండకే వచ్చి నెలకు పైగా ఉన్నారు. 1936లో మళ్ళీ వచ్చారు. దేశం దృష్టి నందికొండ మీద పడింది అప్పుడే. చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల జనం ఆయన్ని చూడటానికి కొండెక్కారు. చాలామందికి తమ కళ్ళ ముందే ఉన్న కొండ మీదికి అదే మొదటి యాత్ర.

మోటారు బస్సు ఈ సీమకు ప్రైవేటు యజమానులతోనే వచ్చింది. రైలు పోని ఊళ్ళకు, ముఖ్యంగా బాగేపల్లి, గుడిబండ వైపుకు, బస్సే మొదటి యంత్రవాహనం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు కరువై దక్షిణాదిలో బస్సులకు బొగ్గు గ్యాసు కుంపట్లు తగిలించారు. బయల్దేరే ముందు బొగ్గు రాజేయాలి, ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి తొయ్యాలి. నంది, అంబాజీదుర్గం లాంటి గుట్టల నడుమ ఉన్న ఈ ప్రాంతంలో ఎత్తులకు కొదవ లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1948 సెప్టెంబరు 12న మైసూరు ప్రభుత్వ రోడ్డు రవాణా శాఖ 120 బస్సులతో మొదలైంది. 1961లో అది కార్పొరేషను అయింది, 1973లో రాష్ట్రం పేరు మారడంతో కె.ఎస్.ఆర్.టి.సి. అయింది. అయితే ప్రభుత్వ బస్సు వచ్చిన వెంటనే ప్రైవేటు బస్సు తప్పుకోలేదు. 1968లో ‘కోలార్ పాకెట్ స్కీము’ పేరుతో జిల్లాలోని దారులను ప్రభుత్వ రవాణాకు కేటాయించే పథకం వచ్చింది. అంతకు ముందే పర్మిట్లు ఉన్నవాళ్ళ హక్కులేమిటి, ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎవరు నడపొచ్చు అన్న తగవులు దశాబ్దాల పాటు కోర్టుల్లో నలిగాయి. ఆ పథకం పేరు మోటారు వాహనాల కేసులు చూసే వకీళ్ళందరికీ తెలుసు. ప్రయాణికుడికి మాత్రం వేరే ఫలితం కనిపించింది. రాష్ట్రంలో చాలాచోట్ల ఎర్రబస్సే సర్వస్వమైతే, ఈ జిల్లాలో ప్రైవేటు బస్సు బతికి బట్టకట్టింది.

చింతామణిలో దిగితే అది తెలుస్తుంది. ప్రభుత్వ బస్సులకు ఒక స్టాండు, ప్రైవేటు బస్సులకు వేరే స్టాండు. కొత్తగా వచ్చిన యాత్రికుడు ఒకచోట నిలబడి లేని బస్సు కోసం ఎదురుచూస్తుంటే, రెండో స్టాండు నుంచి అదే ఊరికి బండి కదిలిపోతుంటుంది. ఇక్కడ కాగితం మీది వేళల కంటే కండక్టరు గొంతు నమ్మదగినది. బోర్డు కన్నడంలో ఉంటుంది. కేక తెలుగులోనో కన్నడంలోనో, చాలాసార్లు రెండూ కలిసో వస్తుంది. ఎక్కినవాడి ముఖం చూసి “యాడికి పోవల్ల?” అని అడిగి, చిల్లర మాత్రం కన్నడంలో లెక్కపెట్టే కండక్టరు ఇక్కడ వింతేమీ కాదు. ఆంధ్ర నుంచి వచ్చినవాడికి ఇది పరాయి రాష్ట్రమన్న జంకు మొదటి టికెట్టుతోనే పోతుంది.

చింతామణి తాలూకాలోని కైవారం ఈ సీమ యాత్రలకు గుండెకాయ. కైవారం తాతయ్యగా జనం పిలుచుకునే యోగి నారేయణ యతీంద్రులు 1726లో పుట్టి, 1836 దాకా నూట పదేళ్ళు జీవించారని సంప్రదాయం. ఊరూరా గాజుల మలారం మోసుకుని తిరిగిన ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు, కీర్తనలు చెప్పారు. కాలి నడకన తిరిగిన మనిషి సన్నిధికి ఇవాళ జనం బస్సుల్లో వస్తారు. గురుపూర్ణిమకు అక్కడ మూడు రోజుల సంగీతోత్సవం. ఆ రోజుల్లో బెంగళూరు, కోలారు వైపు నుంచే కాక, చిత్తూరు, అనంతపురం వైపు నుంచీ భజన బృందాలు తంబూరాలు, మృదంగాలతో దిగుతాయి. పాండవుల ఏకచక్రపురం ఇదేనని, బకాసురుణ్ణి భీముడు చంపింది ఈ కొండ దగ్గరేనని స్థలపురాణం. దగ్గర్లోని కైలాసగిరిలో బండను తొలిచి కట్టిన గుహాలయాలు ఇటీవలివి. అంబాజీదుర్గం కోట పక్కనే ఉంది.

అదే తాలూకాలో మురుగమల్ల. అక్కడి అమ్మాజాన్ బావాజాన్ దర్గాకు ముస్లిములు, హిందువులు ఇద్దరూ వస్తారు. ఊళ్ళో ముక్తీశ్వరుడి గుడి కూడా ఉంది. చింతామణి నుంచి మురుగమల్ల బస్సెక్కితే, ఒక సీటులో బురఖా వేసుకున్న తల్లి చంటిపిల్లకు తాయెత్తు కట్టించడానికి, పక్క సీటులో కొబ్బరికాయల సంచితో ముసలమ్మ మొక్కు తీర్చడానికి. దిగేది ఒకే చోట. అద్దె కారులో వచ్చి, దర్గా చూసి, ఫోటో తీసుకుని వెళ్ళిపోయే మనిషికి ఈ సీమ గురించి తెలిసేది సగమే. మిగిలిన సగం ఆ బస్సులో ఉంది.

వేసిన రైలును తీసేసిన కాలం కూడా వచ్చింది. 1951లో మైసూరు రైల్వే దక్షిణ రైల్వేలో కలిసిపోయింది. బస్సులు పెరిగేకొద్దీ ఇరుకు రైలు ఖాళీ అయింది. 1990లలో దేశమంతా ఒకే వెడల్పు పట్టాలు ఉండాలన్న పథకం కింద యలహంక నుంచి చిక్కబళ్ళాపురం దాకా పెద్ద లైను పడింది. కోలారు, బంగారపేట మధ్య కూడా మార్చి, రైలు బస్సు తిప్పారు. నడుమ మిగిలిన ముక్క, అంటే శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురం, ఏళ్ళ తరబడి రైలు లేకుండా ఉండిపోయింది. తాతల కాలంలో రైలెక్కిన ఊరి పిల్లలు రైలు చూడటానికి వేరే ఊరు పోవలసి వచ్చింది. చిక్కబళ్ళాపురం–కోలారు మధ్య దాదాపు 85 కిలోమీటర్ల పెద్ద లైను మీద 2013 నవంబరులో గాని రైలు నడవలేదు.

ఇలాంటి కథే సముద్రం అవతల మరో తెలుగువాళ్ళ గడ్డ మీద జరిగింది. బెంగళూరు–జోలార్‌పేట రైలు వచ్చిన 1864లోనే మారిషస్ ద్వీపంలోనూ రైలు మొదలైంది. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళిన తెలుగు కూలీలు పనిచేసిన చెరకు తోటల మధ్యగా ఆ రైలు తిరిగింది. 1956లో ప్రయాణికుల బండ్లు ఆపేశారు, 1964 నాటికి సరుకు బండ్లు కూడా ఆగిపోయాయి. ద్వీపం మొత్తం బస్సుల మీద ఆధారపడింది. 2005లో అక్కడ విద్యార్థులకు, వృద్ధులకు బస్సు ప్రయాణం ఉచితం చేశారు. 2019లో పోర్ట్ లూయీ నుంచి మెట్రో రైలు మళ్ళీ పట్టాలెక్కింది. బీచి హోటలుకు కారులో పోయే పర్యాటకుడికి తెలుగు, భోజ్‌పురి, క్రియోల్ కలిసి బతికే మారిషస్ కనిపించదు. ఊరి బస్సెక్కినవాడికి కనిపిస్తుంది. బయటివాడి డబ్బు మీదే నడిచే బండి సీజను అయిపోగానే ఆగుతుంది. స్థానికుడు రోజూ ఎక్కే బండి కష్టకాలంలో కూడా నడుస్తుంది. పట్టాలు పీకేసినా, మళ్ళీ వేయించుకునే జనం ఉంటారు. చింతామణి లైను తిరిగి రావడానికి కారణం అదే.

బాగేపల్లికి ఈనాటికీ రైలు లేదు. చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లి మీదుగా పుట్టపర్తికి రైలు దారి వేయాలన్న ప్రతిపాదన చాలా ఏళ్ళుగా నలుగుతోంది. అందాకా బాగేపల్లి బతుకంతా రోడ్డు మీదే. ఒకప్పటి ఏడో నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి ఊరిని తాకుతూ హైదరాబాదుకు పోతుంది. నంది కొండల సీమలో పుట్టిన చిత్రావతి బాగేపల్లి మీదుగా పుట్టపర్తికి పారుతుంది. రోడ్డు కూడా దాదాపు నది పోయిన వైపుకే పోతుంది. 1940లలో సత్యసాయి భక్తులు రైలులో పెనుకొండ దాకా వచ్చి, అక్కడి నుంచి బుక్కపట్నం మీదుగా ఎడ్లబండ్లలో పుట్టపర్తి చేరేవారు. రోడ్డు బాగుపడ్డాక బెంగళూరు నుంచి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి దాటి పోయే దారి వాళ్ళకు రాజబాట అయింది. విదేశీ భక్తులు ఊరి బస్సుల్లో కనిపించడం బాగేపల్లివాళ్ళకు అలా అలవాటైంది.

1956లో భాషల ప్రకారం రాష్ట్రాలు గీసినప్పుడు బాగేపల్లి, చింతామణి మైసూరులోనే ఉండిపోయాయి. వీధిలో తెలుగు, బడిలో కన్నడం. 1958లో ఆంధ్రలో ఆర్టీసీ ఏర్పడ్డాక, హిందూపురం, కదిరి, అనంతపురం బస్సులు, ఇటు కర్ణాటక బస్సులు ఒకే రోడ్డు పంచుకున్నాయి. పెళ్ళి సంబంధాలు, మందుల షాపు, సినిమా అన్నీ సరిహద్దుకు అటూ ఇటూ సాగాయి. లేపాక్షికి పోవాలనుకునే బెంగళూరు యాత్రికుడు హైదరాబాదు రోడ్డులో సరిహద్దు దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర దిగుతాడు. అక్కడి నుంచి హిందూపురం వైపు బస్సో ఆటోనో పట్టుకుంటే లేపాక్షి చాలా దగ్గర. బసవన్నను చూసి, వేలాడే స్తంభం కింద కండువా దూర్చి, సాయంత్రానికి బాగేపల్లి చేరుకోవచ్చు. నాలుగు వరుసల రోడ్డు పడ్డాక రాత్రి పోయే హైదరాబాదు బస్సులు చాలావరకు బాగేపల్లిలో ఆగడం మానేశాయి. ఊరికి అది నష్టమే. గుమ్మనాయకనపాళ్యం కోట లాంటి చోట్లకు ఇప్పటికీ యాత్రికులు పలచగా రావడానికి ఒక కారణం, రోజులో కొద్దిసార్లే తిరిగే పల్లె బస్సును నమ్ముకోవలసి రావడం. అంత మంచి పాళెగాళ్ళ కోట పెట్టుకుని, దానికి సరైన బస్సు వేళ లేకపోవడం విచారించదగ్గ విషయం.

2007లో కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్ళాపురం జిల్లా అయింది. 2008లో దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం తెరిచారు. దాంతో నందికొండ దారి కార్లతో నిండింది. 2021 ఆగస్టులో కొండచరియ విరిగిపడి పైకి పోయే రోడ్డు తెగితే కొన్ని నెలలు కొండ మూతపడింది. 2023 మార్చిలో రోప్‌వేకు శంకుస్థాపన జరిగింది. అంతకన్నా ఈ వ్యాసకర్తకు ముఖ్యమనిపించేది అదే ఏడాది డిసెంబరులో జరిగిన చిన్న మార్పు. విద్యుదీకరణ పూర్తయిన లైను మీద బెంగళూరు నుంచి చిక్కబళ్ళాపురానికి మెమూ రైళ్ళు నడిచాయి. దారిలో దొడ్డజాల, దేవనహళ్ళి, ఆవతిహళ్ళి, నంది హాల్టు. చిన్న రైలు నాటి ఆ స్టేషను భవనాల్లో కొన్నింటిని వారసత్వ కట్టడాల సంస్థ ఇంటాక్ చొరవతో బాగుచేశారు. ఆ రైలులో ఎక్కువమంది చిక్కబళ్ళాపురం ఉద్యోగులు, పూలు, కూరగాయల వ్యాపారులు. కొండ చూడటానికి వచ్చేవాళ్ళు వాళ్ళ మధ్య సర్దుకుని కూర్చుంటారు. నంది హాల్టులో దిగాక కొండ దాకా ఎలా పోవాలన్న చిక్కు మాత్రం తీరలేదు. ప్రతి రైలుకూ జతగా ఒక బస్సు స్టేషను బయట నిలబడితే, వారాంతపు కార్ల వరుస సగం తగ్గుతుంది.

2023 జూన్ 11న కర్ణాటకలో ‘శక్తి’ పథకం వచ్చింది. రాష్ట్రంలో నివసించే స్త్రీలకు ప్రభుత్వ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకు డబ్బు అక్కర్లేదు. ఇంటి పని, పొలం పని తప్ప ఊరు దాటని ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసి కైవారం, ఘాటి సుబ్రహ్మణ్యం, ధర్మస్థలం చూడటానికి బయల్దేరారు. నందికొండ నీడలో పుట్టి పెరిగి, ఏనాడూ కొండెక్కని స్త్రీలకు ఇదొక తలుపు తెరుచుకోవడం. యాత్రికుడంటే బయటి నుంచి వచ్చేవాడే అన్న లెక్క ఈ పథకంతో తారుమారైంది. ప్రైవేటు బస్సుల ఆదాయానికి ఇది దెబ్బే. చింతామణి యజమానులకు పాకెట్ స్కీము తర్వాత వచ్చిన పెద్ద పరీక్ష.

సరిహద్దు దగ్గర ఈ పథకం ఆసక్తికరంగా పనిచేస్తుంది. అంతర్రాష్ట్ర బస్సులకు ఉచితం వర్తించదు. సరిహద్దు దాటి ఇరవై కిలోమీటర్ల లోపు వరకు మాత్రం కర్ణాటక స్త్రీలకు సడలింపు ఉంది. హిందూపురం నుంచి బాగేపల్లికి వచ్చిన అక్క కర్ణాటక బస్సులో డబ్బిచ్చి టికెట్టు కొనుక్కోవాలి, బాగేపల్లి చెల్లెలికి అక్కర్లేదు. 2025 ఆగస్టు 15న ఆంధ్రలోనూ ‘స్త్రీ శక్తి’ పేరుతో అలాంటి పథకమే మొదలైంది కాబట్టి, సరిహద్దు దాటి, ఆంధ్ర లోపల తిరిగే ఆంధ్ర బస్సెక్కితే టికెట్టు కొనే వంతు చెల్లెలిది. ఆ ఏడాది జూలైలో నందికొండ మీద సమావేశమైన కర్ణాటక మంత్రివర్గం బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చడానికి ఆమోదం తెలిపింది. చిక్కబళ్ళాపురం స్టాండులో కొత్తగా దిగే యాత్రికుడు ఇకపై బోర్డులో ఒక పేరు చదివి, కండక్టరు నోట మరో పేరు విన్నా కంగారు పడనక్కర్లేదు. బస్సు పోయేది చిత్రావతి ఒడ్డున ఉన్న ఆ ఊరికే.